కొట్టివేయకుండా వదిలిన ఒక్క మాట

(డిసెంబరు 9న కందుకూరు గ్రంథాలయంలో జరిగిన సభలో ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుని ప్రసంగ పాఠం)

సభకు వచ్చిన పెద్దలకు, గ్రంథాలయ సిబ్బందికి, వెనక వరుసల్లో సర్దుకుని కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. పొగాకు తోటల్లో పని ముమ్మరంగా ఉన్న రోజులివి. అయినా చుట్టుపక్కల ఊళ్ల నుంచి రైతులు కూడా వచ్చారు. వారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

లోపలికి వచ్చేటప్పుడు మీ అందరికీ ఒక జిరాక్సు కాగితం ఇచ్చాం. ఒకసారి దాన్ని చూడండి. అది ఆఫ్రికాలోని రువాండా దేశంలో 1994 నాటి గుర్తింపు కార్డు నకలు. ఆ మనిషి ఫొటోను, పేరును మేమే నల్లగా పూసేశాం. పేరు కింద ‘ఉబ్వోకో’ అని ఒక వరుస కనిపిస్తుంది. ఆ దేశపు కిన్యర్వాండా భాషలో ఆ మాటకు తెగ, జాతి, కులం, ఏ అర్థమైనా చెప్పుకోవచ్చు. దాని పక్కనే నాలుగు మాటలు అచ్చు వేసి ఉన్నాయి. హుటూ, టుట్సీ, ట్వా, చివరిది బయటి నుంచి వచ్చి పౌరసత్వం పొందినవారు. కార్డు ఇచ్చే గుమాస్తా వీటిలో మూడింటిని గీతతో కొట్టేసి ఒక్కదాన్ని వదిలేస్తాడు. ఈ కార్డులో వదిలేసిన మాట ‘టుట్సీ’.

1994 ఏప్రిల్ 7 నుంచి జూలై మధ్య దాకా, సుమారు వంద రోజుల పాటు, ఆ దేశంలో రోడ్డు రోడ్డుకూ అడ్డంగా దుంగలు, బండలు పెట్టి మనుషులను ఆపారు. కార్డు చూపించమన్నారు. కొట్టివేయని మాట ఏదో చూశారు. అది టుట్సీ అయితే అక్కడికక్కడే చంపేశారు. కార్డు లేదన్నవారిని కూడా, దాచిపెట్టి ఉంటారన్న అనుమానంతో చంపేశారు. ఐక్యరాజ్య సమితి లెక్క ప్రకారం చనిపోయినవారు 8 లక్షలకు పైనే. రువాండా ప్రభుత్వం 10 లక్షలకు పైగా అంటుంది. తక్కువ లెక్కే తీసుకున్నా రోజుకు 8 వేల మంది. చంపడానికి ఒప్పుకోని హుటూలను కూడా వదల్లేదు. మొదటి రోజే ప్రాణాలు కోల్పోయిన ప్రధానమంత్రి అగాథ్ ఉవిలింగియిమానా హుటూ మహిళే.

ఆ దేశం ఎంతటిదో చెబుతాను. పాత ప్రకాశం, నెల్లూరు జిల్లాలు రెండూ కలిపితే 30 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. రువాండా 26 వేలు. 2011 జనాభా లెక్కల్లో మన రెండు జిల్లాల్లో కలిపి 63 లక్షల మంది. అప్పటి రువాండాలో దాదాపు 70 లక్షలు. మార్కాపురం నుంచి తడ దాకా ఉన్న ఊళ్లన్నీ ఒకసారి తలచుకోండి. ఒక వేసవి మొదట్లో ఈ జనం ఉన్నారు. వేసవి దాటేసరికి వారిలో ప్రతి ఎనిమిది, తొమ్మిది మందికి ఒకరు లేరు.

ఆ ఏడాది నేను చరిత్ర పాఠాలు చెబుతున్నాను. పత్రికలో లోపలి పేజీలో చిన్న వార్త వచ్చింది, ‘ఆఫ్రికాలో తెగల పోరు’ అని. తరగతిలో ఒక విద్యార్థి లేచి, ఏమిటండీ ఈ గొడవ అని అడిగాడు. తెగల కొట్లాట నాయనా, వందల ఏళ్లుగా ఉన్నదే అని చెప్పి కూర్చోబెట్టాను. అది తప్పు సమాధానం. చరిత్ర అధ్యాపకుడిని అయి ఉండి నేను ఆ మాట అన్నాను. ఆ పిల్లవాడికి చెప్పవలసిన సరైన సమాధానం ముప్పై ఏళ్లుగా నా దగ్గర బాకీ ఉంది. ఈ రోజు ప్రసంగం అందుకే.

హుటూలు, టుట్సీలు వేర్వేరు దేశాల వాళ్లు కారు. భాష ఒకటే, దేవుడు ఒకడే, వెళ్లే చర్చి కూడా ఒకటే. కొండ వాలుల్లో వారి ఇళ్లు పక్కపక్కనే ఉంటాయి. ఇచ్చిపుచ్చుకున్న పెళ్లిళ్లూ ఎన్నో ఉన్నాయి. పూర్వం ఆ మాటల్లో ఎక్కువ తక్కువలు లేవని కాదు. రాజు చుట్టూ, పశువుల మందల చుట్టూ ఉన్నవారు టుట్సీలు, సేద్యం చేసేవారు హుటూలు అనే తేడా ఉండేది. కానీ ఆ గీత అటూ ఇటూ జరుగుతూ ఉండేది. 1933, 34లలో బెల్జియం పాలకులు జనాభా లెక్కలు తీసి ఆ గీతను కార్డు మీద అచ్చు వేశారు. తండ్రి కార్డులో ఏముంటే బిడ్డ కార్డులోనూ అదే. చదువులు, పదవులు టుట్సీలకు ఇచ్చారు, చాకిరీ హుటూలకు మిగిల్చారు. స్వాతంత్ర్యం దగ్గర పడగానే బెల్జియం పక్షం మార్చింది. 1959 నుంచి టుట్సీల మీద దాడులు జరిగాయి, లక్షల మంది పొరుగు దేశాలకు పారిపోయారు. 1962లో దేశం స్వతంత్రమైంది. తెల్లవాళ్ల జెండా దించారు, తెల్లవాళ్లు ఇచ్చిన కార్డును మాత్రం ఉంచుకున్నారు.

మన రైతులకు తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. రువాండా బతికింది కాఫీ మీద. 1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కూలిపోయింది, ధర సగానికి పడింది. వేలం కేంద్రంలో పొగాకు బేలును ఎవరూ పాడక నోబిడ్ అయిన రోజు ఇంటికి తిరిగివచ్చే రైతు ముఖం ఎలా ఉంటుందో ఈ ఊరికి చెప్పనక్కర్లేదు. ఒక దేశం మొత్తానికి అలాంటి రోజు వచ్చింది. మరుసటి ఏడాదే, 1990 అక్టోబరు 1న, ఉగాండాలో పెరిగిన టుట్సీ శరణార్థుల బిడ్డలు రువాండా దేశభక్త కూటమి పేరుతో సైన్యం కట్టి సరిహద్దు దాటారు. యుద్ధం మొదలైంది.

అయితే పొగాకు ధర పడిపోయిన ఏ సంవత్సరంలోనూ మన రైతు పక్కింటివాడిని నరకలేదు. అప్పులపాలై తన ప్రాణం తీసుకున్నవారు ఉన్నారు, ఇంకొకరి ప్రాణం తీయలేదు. కాబట్టి పేదరికం వల్ల జరిగింది, కరవు వల్ల జరిగింది అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నీ కష్టానికి కారణం ఫలానావాడు, వాడి ఇల్లు ఫలానా చోట ఉంది అని చెప్పేవాడు ఒకడు కావాలి. రువాండాలో ఆ పని చేయడానికి పత్రిక పెట్టారు, రేడియో పెట్టారు. కంగురా అనే పత్రిక 1990 డిసెంబరులోనే హుటూలకు పది ఆజ్ఞలు అచ్చు వేసింది. టుట్సీ స్త్రీని పెళ్లాడినవాడు ద్రోహి, టుట్సీతో వ్యాపారం చేసేవాడు ద్రోహి, టుట్సీలపై జాలి చూపడం మానాలి. 1993లో మొదలైన వెయ్యి కొండల రేడియోలో మంచి సంగీతం వచ్చేది, నవ్వించే వ్యాఖ్యాతలు ఉండేవారు. కుర్రకారు చెవికి ఆనించుకుని తిరిగేవారు. పాటకూ పాటకూ మధ్య ‘ఇన్యెంజి’ అనేవారు, అంటే బొద్దింకలు. హత్యలు మొదలయ్యాక అదే రేడియో పేర్లు చదివింది, ఎక్కడ దాక్కున్నారో చెప్పింది.

చంపడాన్ని వాళ్లు చంపడం అనలేదు. ‘పని’ అన్నారు. ‘పనికి రండి’ అన్నారు. పొదలు నరకాలి, కలుపు తీయాలి అన్నారు. పిల్లల్ని ఎందుకు చంపాలంటే, కలుపు మొక్కను వేళ్లతో సహా పీకాలి కదా అన్నారు. అన్నీ పొలం మాటలే. చేతిలోనిది కూడా పొలం పనిముట్టే, ప్రతి ఇంట్లోనూ ఉండే మచ్చుకత్తి.

ఇక్కడ మన భాష సంగతి కూడా ఒక్క నిమిషం చూద్దాం. ఇలాంటి వార్త వస్తే తెలుగు పత్రికలు ఏమని రాస్తాయి? మారణహోమం అంటాయి, నరమేధం అంటాయి. హోమం, మేధం రెండూ యజ్ఞం మాటలు. లేకపోతే ఊచకోత అంటాయి, అది పైరు కోత మాట. రాసేవారి మనసులో చెడు లేదు. అయినా నాకు ఈ మాటలు చదివినప్పుడల్లా ఇబ్బందిగా ఉంటుంది. హోమం అనగానే అదేదో దానంతట అది రగిలి దహించినట్టు ఉంటుంది. దీనికి జాగ్రత్తగా వెతికి ఒక పేరు పెట్టిన మనిషి ఉన్నాడు, రఫాయెల్ లెంకిన్. ఇప్పటి బెలారుస్‌లోని ఒక పల్లెలో 1900లో పుట్టిన యూదుడు. 1915లో తుర్కీ పాలకులు ఆర్మీనియన్లను లక్షల్లో చంపించారు. దానికి బాధ్యుడైన మంత్రి తలాత్ పాషాను 1921లో బెర్లిన్ వీధిలో ఒక ఆర్మీనియన్ యువకుడు కాల్చి చంపాడు. విద్యార్థిగా ఉన్న లెంకిన్ తన గురువును అడిగాడు: ఒక్కరిని చంపినవాడికి విచారణ ఉంది, లక్షల మందిని చంపించినవాడి మీద విచారణ ఎందుకు లేదు? రాజ్యం సార్వభౌమం, తన ఇంటి కోళ్లను రైతు ఏం చేసుకుంటే మనకెందుకు అన్నట్టు ఆ గురువు జవాబిచ్చాడని లెంకిన్ తరవాత రాసుకున్నాడు. ఆ జవాబుతో ఆయన జీవితాంతం పోట్లాడాడు. హిట్లర్ మనుషులు ఆయన బంధువులను 49 మందిని చంపారు. 1944లో గ్రీకు, లాటిన్ ముక్కలు రెండు కలిపి జెనోసైడ్ అనే మాట తయారుచేశాడు. మనం జాతిహననం అంటున్నాం. 1948లో ఇదే రోజున, డిసెంబరు 9న, ఐక్యరాజ్య సమితి సాధారణ సభ జాతిహనన నేర ఒడంబడికను ఆమోదించింది. ఒక జాతినో, తెగనో, మతాన్నో పూర్తిగా గానీ కొంత గానీ నాశనం చేయాలన్న ఉద్దేశంతో చేసే పనులు అందులోకి వస్తాయి. అలాంటిది జరుగుతున్నప్పుడు ఆపడం, చేసినవారిని శిక్షించడం సంతకం చేసిన ప్రతి దేశం బాధ్యత. ‘ఆపడం’ అన్న మాట మొదటి అధికరణంలోనే ఉంది. గుర్తుపెట్టుకోండి, ఆ మాటకు భయపడే 1994లో పెద్ద దేశాలు నోరు మెదపలేదు.

ముందుగా తెలియదా అంటే, తెలుసు. ఎంత ముందుగానో చెబుతాను. న్యమాటా అనే ఊళ్లో టోనియా లొకాటెల్లి అనే ఇటలీ స్త్రీ ఏళ్ల తరబడి పిల్లలకు చదువు చెబుతూ ఉండేది. 1992 మార్చిలో ఆ ప్రాంతంలో టుట్సీలను చంపడం మొదలైంది. ఆమె విదేశీ రేడియోకు ఫోను చేసి, ఇది జనం ఆగ్రహం కాదు, పైనుంచి నడిపిస్తున్నారు అని చెప్పింది. వెంటనే ఆమెను కాల్చి చంపారు. న్యమాటా చర్చి పక్కనే ఆమె సమాధి ఉంది. అప్పుడు ఆ చర్చిలో తలదాచుకున్నవారు బతికారు. అందుకే రెండేళ్ల తరవాత మళ్లీ కత్తులు లేచినప్పుడు జనం అదే చర్చికి పరుగెత్తారు.

ఈసారి చర్చి కాపాడలేదు. ఆ చర్చిలోనూ ఆవరణలోనూ సుమారు 10 వేల మంది చనిపోయారు. ఇప్పుడది స్మారకం, 2023 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో కూడా ఉంది. నేను వెళ్లలేదు, ఫొటోల్లోనే చూశాను. రేకుల కప్పుకు గ్రెనేడ్ ముక్కలు చేసిన చిల్లులు అలాగే ఉన్నాయి, వాటిలోంచి ఎండ చుక్కలు చుక్కలుగా లోపల పడుతుంది. ప్రార్థనకు కూర్చునే బల్లలు వరుసగా ఉన్నాయి. ఆ బల్లల మీద బట్టలు కుప్పలు పోసి ఉన్నాయి. చనిపోయినవారి ఒంటి మీద ఉన్న బట్టలు, రంగు వెలిసి మట్టి రంగుకు తిరిగాయి. పిల్లల గౌన్లు ఉన్నాయి. పీఠం మీద పరిచిన గుడ్డ మీద మరక ఉంది. ఒక ఫొటో దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయాను. అందులో ఈ కార్డులే ఉన్నాయి, తడిసి ఆరి వంకర తిరిగినవి. చంపుతారని తెలిసి కూడా చాలామంది కార్డును పారేయలేదు. మన అమ్మలు రేషను కార్డును ప్లాస్టిక్ సంచిలో పెట్టి బీరువాలో దాస్తారే, అలాగే వాళ్లూ దాచుకుని వెంట తెచ్చుకున్నారు. ప్రభుత్వం ఇచ్చిన కాగితం కదా.

(కొద్దిసేపు విరామం)

ఇక ప్రపంచం సంగతి. ఐక్యరాజ్య సమితి శాంతి సేన అప్పటికే రువాండాలో ఉంది, సుమారు 2,500 మంది. సేనాధిపతి కెనడా దేశస్థుడు రోమియో డలేర్. 1994 జనవరి 11న ఆయన న్యూయార్క్‌కు ఒక సందేశం పంపాడు. మిలీషియాకు, అంటే సాయుధ ముఠాలకు, శిక్షణ ఇచ్చే మనిషి ఒకడు తన దగ్గరికి వచ్చాడనీ, రాజధాని కిగాలీలో టుట్సీల పేర్లన్నీ నమోదు చేయమని తనకు ఆదేశం వచ్చిందనీ, అది చంపడానికేనని అనుమానంగా ఉందనీ ఆ మనిషి చెప్పాడట. ఇరవై నిమిషాల్లో వెయ్యి మందిని చంపగలం అన్నాడట. ఆయుధాలు దాచిన చోటు కూడా చూపిస్తానన్నాడు. 36 గంటల్లో దాడి చేసి పట్టుకుంటాను అని డలేర్ రాశాడు. వద్దు, మీ పరిధి దాటవద్దు, ఆ దేశాధ్యక్షుడికే తెలియజేయండి అని జవాబు వచ్చింది. హత్యలు మొదలవడానికి ఇంకా మూడు నెలలు ఉంది.

ఏప్రిల్ 6 రాత్రి దేశాధ్యక్షుడు హబ్యారిమానా విమానం కిగాలీ దగ్గర కూలింది, ఎవరో క్షిపణితో కొట్టారు. మరునాడు ప్రధానమంత్రిని, ఆమెకు కాపలా ఉన్న పది మంది బెల్జియం సైనికులను చంపేశారు. బెల్జియం తన సైన్యాన్ని వెనక్కి పిలిచింది. అంతకు ఆరు నెలల ముందు సోమాలియాలో 18 మంది సైనికులను కోల్పోయిన అమెరికా మరో ఆఫ్రికా దేశంలో అడుగు పెట్టడానికి సిద్ధంగా లేదు. ఆ వారంలోనే ఫ్రాన్సు, బెల్జియం, ఇటలీ సైనికులు విమానాల్లో దిగారు. కాబట్టి సైనికులు దొరకలేదని అనడానికి వీల్లేదు. వచ్చారు, తమ దేశస్థులను ఎక్కించుకున్నారు, వెళ్లిపోయారు. కిగాలీలోని ఒక సాంకేతిక పాఠశాలలో బెల్జియం శాంతి సైనికుల రక్షణలో సుమారు 2 వేల మంది తలదాచుకుని ఉన్నారు. ఏప్రిల్ 11న సైనికులు ట్రక్కులెక్కి వెళ్లారు. హంతకులు గేటు బయటే కాచుకుని ఉన్నారు. ఆ రోజు దాటకముందే ఆ 2 వేల మందిలో చాలామందిని చంపేశారు.

ఏప్రిల్ 21న భద్రతా మండలి సమావేశమై 912వ తీర్మానం చేసింది. శాంతి సేనను పెంచుతూ కాదు, 270 మందికి తగ్గిస్తూ. ఆ బల్ల చుట్టూ ఎవరెవరు కూర్చున్నారో తెలుసా? ఆ ఏడాది రువాండా కూడా భద్రతా మండలి సభ్య దేశం. చంపిస్తున్న ప్రభుత్వపు ప్రతినిధి మిగతా పద్నాలుగు మందితో పాటు కూర్చుని మాట్లాడాడు, ఓటు వేశాడు. లేచి వెళ్లిపొమ్మని ఎవరూ అనలేదు. చెక్ రాయబారి కారెల్ కొవాండా, న్యూజిలాండ్ రాయబారి కొలిన్ కీటింగ్ వంటి చిన్న దేశాలవారు ఇది జాతిహననం అనిపించడానికి ప్రయత్నించారు. పెద్ద దేశాలు ఆ మాట మండలి ప్రకటనలోకి రానివ్వలేదు.

రేడియో మాటేమిటని మీరు అడగవచ్చు. దాని ప్రసారాన్ని అడ్డుకునే విమానం అమెరికా దగ్గర ఉంది. మే 5 నాటి రక్షణ శాఖ పత్రంలో దానికి గంటకు 8,500 డాలర్లు ఖర్చవుతుందని, ఫలితం కూడా ఉండదని రాశారు. అప్పటి మారకంలో రెండు లక్షల అరవై వేల రూపాయల పైచిలుకు. రేడియో మోగుతూనే ఉంది. జూన్ 10న అమెరికా విదేశాంగ శాఖ ప్రతినిధి విలేకరులతో ‘జాతిహనన చర్యలు’ జరిగాయి అంది, ‘జాతిహననం’ అనలేదు. ఎన్ని చర్యలు కలిస్తే జాతిహననం అవుతుంది అని ఒక విలేకరి అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే స్థానంలో నేను లేను అంది. ఆ మాట ఒప్పుకుంటే ఒడంబడిక ప్రకారం ఏదో ఒకటి చేయాలి. అందుకని మాట దగ్గరే ఆగిపోయారు. ఆ రోజున కూడా వేల మంది చనిపోయారు.

ఆపడం సాధ్యం కాదు అనేవారికి నేను బుటారే పేరు చెబుతాను. దక్షిణాన ఉన్న ఆ జిల్లాకు కలెక్టరు వంటి పదవిలో ఉన్నది ఒక టుట్సీ, దేశం మొత్తం మీద ఆ హోదాలో ఉన్న ఏకైక టుట్సీ. మిగతా దేశం రక్తంలో తడుస్తున్నా దాదాపు రెండు వారాలు ఆయన అక్కడ మూకుమ్మడి హత్యలు జరగనివ్వలేదు. ఆయన్ను పదవిలోంచి తీసేశారు. ఏప్రిల్ 19న తాత్కాలిక అధ్యక్షుడు స్వయంగా వచ్చి, ‘పని’ చేయనివారు పక్కకు తప్పుకోవాలన్న అర్థంలో మాట్లాడాడు. ఆ తరవాత బుటారేలోనూ మొదలైంది. ఆ కలెక్టరును కూడా చంపేశారు. చేతిలో ఆయుధం లేని ఒక్క అధికారి రెండు వారాలు ఆపగలిగాడు. విమానాలున్న దేశాలు ఆపలేకపోయామంటే నేనెలా నమ్మాలి?

చివరికి ఆపింది టుట్సీల సైన్యమే, జూలైలో దేశాన్ని గెలిచి. ఆ సైన్యం చేతులు కూడా శుభ్రం కావు. దారిలోనూ అది హత్యలు చేసింది. తరవాత కాంగోకు పారిపోయిన హుటూ శరణార్థుల మీద అది చేసిన హత్యలను ఐక్యరాజ్య సమితి 2010లో నివేదికగా బయటపెట్టింది. ఆ సేనను నడిపిన పాల్ కగామే ఇప్పటికీ దేశాధ్యక్షుడు, ఆయన్ను గట్టిగా ప్రశ్నించినవారికి అక్కడ చోటు తక్కువ. కాంగో తూర్పు ప్రాంతంలో ఆనాడు రగిలింది ఇంకా ఆరలేదు. 2025 జనవరిలో గోమా నగరం మళ్లీ తిరుగుబాటుదారుల చేతిలో పడింది.

న్యాయం సంగతి చూస్తే, టాంజానియాలోని అరూషాలో అంతర్జాతీయ న్యాయస్థానం పెట్టారు. 1998 సెప్టెంబరు 2న జాన్ పాల్ అకాయేసు అనే మేయరు దోషి అని తేలింది. ఒక అంతర్జాతీయ న్యాయస్థానం జాతిహనన నేరాన్ని రుజువు చేసిన మొదటి తీర్పు అది. ఈ అకాయేసు మొదట్లో తన ఊళ్లో హత్యలను అడ్డుకున్నవాడే. ఏప్రిల్ 18న పైవారితో సమావేశానికి వెళ్లి వచ్చాక మారిపోయాడు. ఆయన మీద మోపిన అభియోగాల్లో మొదట అత్యాచారం లేదు. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన పల్లె స్త్రీలు తమకు జరిగింది బోనులో నిలబడి చెప్పారు. అప్పుడు విచారణ మధ్యలో అభియోగాన్ని చేర్చారు. ఆ ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు డర్బన్‌లో తమిళ కుటుంబంలో పుట్టిన నవనీతం పిళ్ళై. అత్యాచారం కూడా జాతిహననానికి సాధనమే అని ఆ తీర్పు మొదటిసారి చెప్పింది. ఆ స్త్రీల పేర్లు రికార్డుల్లో లేవు, అక్షరాలతో మాత్రమే ఉన్నాయి. అది వారి రక్షణ కోసమే. నాకు మాత్రం న్యాయమూర్తుల కంటే ముందు వారికి నమస్కరించాలని ఉంటుంది.

మిగతా లక్షల కేసులు? దేశంలో న్యాయవాదులే దాదాపు మిగల్లేదు. అందుకని ‘గచాచా’ అనే పాత పద్ధతిని తీశారు. గచాచా అంటే పచ్చిక, ఊరివారంతా పచ్చిక మీద కూర్చుని తీర్పు చెప్పుకోవడం. మన రచ్చబండ అనుకోండి. 2012లో మూసేసే నాటికి సుమారు 12 వేల చోట్ల ఈ సభలు జరిగాయి. అందులో న్యాయం కొంత, రాజీ కొంత, భయం కొంత ఉన్నాయి. నా భర్తను ఎక్కడ పాతిపెట్టావు, ఎముకలైనా ఇవ్వు అని అడిగిన భార్యలు ఉన్నారు. చోటు చూపించి, శిక్ష తగ్గించుకుని, తిరిగి అదే వీధిలో కాపురం ఉంటున్నవారు ఉన్నారు. ఆ ఇద్దరూ పొద్దున్నే ఒకే బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటారు.

బోరింగు అనగానే మన జిల్లా గుర్తుకు వచ్చింది. 1985 జూలై 17న, అప్పట్లో మన ప్రకాశం జిల్లాలోనే ఉన్న కారంచేడులో, మాదిగలు తాగే నీటిచెరువు దగ్గర మొదలైన మాటతో ఆరుగురు దళితులను చంపారు. నేను ఆ సంఘటనను జాతిహననం అనడం లేదు. ఆ మాటను చౌక చేయకూడదు, అలా చేస్తే లెంకిన్ శ్రమ వృథా అవుతుంది. కానీ అప్పుడు నేను బస్సుల్లో, హోటళ్ల దగ్గర విన్న మాటలు గుర్తున్నాయి. ఏదో ఆవేశంలో జరిగిపోయింది అనేవారు. ఆవేశంలో ఉన్నవాళ్లు పారిపోతున్నవారిని పొలాల్లో వెంటాడి వెతకరు. బతికినవారు ఇళ్లు వదిలి చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. వారిలో చాలామంది ఆ ఊరికి తిరిగి వెళ్లలేదు. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008లో వచ్చింది, ఇరవై మూడేళ్లకు. అందుకే రువాండా గురించి ‘ఆఫ్రికాలో అంతే’ అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

ఇంకెప్పుడూ జరగనివ్వం అని అందరూ అన్నారు. 1998లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ కిగాలీ విమానాశ్రయంలో దిగి, తప్పు జరిగిందని ఒప్పుకుని, ఆ పూటే వెళ్లిపోయాడు. అంతకు ముందే, 1995 జూలైలో, బోస్నియాలోని స్రెబ్రెనిట్సాలో శాంతి సైనికుల కళ్ల ముందు నుంచి తీసుకుపోయి సుమారు 8 వేల మంది ముస్లిం పురుషులను, అబ్బాయిలను చంపారు. 2017లో మయన్మార్ నుంచి 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఈసారి రేడియో అక్కర్లేకపోయింది, ఫోను సరిపోయింది. గాజా విషయంలో దక్షిణాఫ్రికా వేసిన కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం 2024 జనవరిలో తాత్కాలిక ఆదేశాలు ఇచ్చింది. ఆ మాట వాడవచ్చా లేదా అన్న వాదన నడుస్తూనే ఉంది, సమాధులు తవ్వుతూనే ఉన్నారు.

ఒక మనిషి గురించి చెప్పి, తరవాత ఒక పని చెప్పి ముగిస్తాను. సెనెగల్ సైన్యంలో కెప్టెన్ ఎంబాయే జాన్యే, శాంతి సేనలో పరిశీలకుడు. ఆయుధం లేదు. ఎవరినీ కాపాడకూడదు, చూసి రాయాలి, అంతే ఆయన ఉద్యోగం. ప్రధానమంత్రిని చంపిన రోజు ఆమె పిల్లలను దాచి బయటపడేసింది ఆయనే. తరవాత తన తెల్ల జీపులో ఇద్దరిని, ముగ్గురిని, నలుగురిని ఎక్కించుకుని, అడ్డుబండల దగ్గర ఆగి, హంతకులకు సిగరెట్లు పంచి, పలకరించి, నవ్వించి దాటించాడు. ఒక్కో ప్రయాణంలో ఎన్నో అడ్డుబండలు. అలా వందల మందిని. పై అధికారులకు తెలుసు, చూడనట్టు ఊరుకున్నారు. మే 31న ఆయన కారు పక్కనే మోర్టారు గుండు పడి చనిపోయాడు. రూల్సు ప్రకారం నడుచుకున్నవారి పేర్లు నాకు గుర్తు లేవు.

ఇప్పుడు పని. 1946లో, ఈ నేరాన్ని అంతర్జాతీయ నేరంగా గుర్తించాలని ఐక్యరాజ్య సమితిలో మొదట ప్రతిపాదించిన దేశాలు మూడు: క్యూబా, పనామా, మన భారతదేశం. అప్పటికి మనకు స్వాతంత్ర్యం కూడా రాలేదు. 1959లో ఒడంబడికను ధ్రువీకరించాం. కానీ దాని ప్రకారం మన దేశంలో చట్టం చేయలేదు. 1984 నాటి సిక్కుల హత్యల కేసులో ఢిల్లీ హైకోర్టు 2018 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పులో ఈ లోటును స్పష్టంగా రాసింది, దీన్ని త్వరగా సరిచేయాలంది. ఆ తరవాత వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా జాతిహననం అనే నేరం లేదు.

ద్వారం దగ్గర బల్ల మీద ఒక వినతిపత్రం పెట్టాం. ఈ చట్టం చేయమని మన పార్లమెంటు సభ్యుడిని అడుగుతూ రాసింది. తెలుగులోనే ఉంది, రెండు పేజీలు. తొందర లేదు, కూర్చుని చదవండి. ఒప్పుకోకపోతే ఎక్కడ ఒప్పుకోరో వెనక ఖాళీలో రాయండి. సంతకం పెట్టేవారు ఊరి పేరు, ఫోను నంబరు రాస్తే చాలు. కులం, మతం రాసే గడి అందులో లేదు.